తుపాకీ ఉందని నలుగురికీ తెలియాలా, వద్దా? అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఎంపిక సలహా

అమెరికాలో పెద్దవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి సొంత తుపాకీ ఉంది. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2023 సర్వేలో అది 32 శాతంగా తేలింది. ఆత్మరక్షణే ప్రధాన కారణమని వారిలో 72 శాతం మంది చెప్పారు. డాలస్ పక్కన ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలోనూ, అట్లాంటా దగ్గరి కమింగ్‌లోనూ గ్రీన్‌కార్డో, పౌరసత్వమో వచ్చాక తుపాకీ కొన్న తెలుగువారు ఉన్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో ఒక తెలుగు ఇంజనీరును జాతి ద్వేషంతో కాల్చి చంపిన రోజు నుంచి కొందరిలో భయం నాటుకుపోయింది. భారతీయుల ఇళ్లలో బంగారం ఉంటుందని వెతుక్కుంటూ వచ్చే దొంగల భయం మరికొందరిది.

కొనాలా వద్దా అన్నది వేరే చర్చ. ఈ వ్యాసం ఇప్పటికే కొన్నవారి కోసం, లేదా కొనాలని నిర్ణయించుకుని ఆ సంగతి ఎవరికి తెలియాలో తేల్చుకోలేకపోతున్నవారి కోసం. కారుకు స్టిక్కర్ అంటించాలా? ఇంటి ముందు బోర్డు పెట్టాలా? ఫేస్‌బుక్‌లో ఫొటో పెట్టవచ్చా? నడుముకు కనిపించేలా పెట్టుకుని తిరగాలా, చొక్కా కింద దాచుకోవాలా? అసలు ఎవరికీ చెప్పకుండా ఉంటే సరిపోతుందా?

నా అభిప్రాయం ముందే చెబుతాను. మీ ఇంట్లో తుపాకీ ఉందని తెలియాల్సిన మనుషులు కొందరు ఉన్నారు, వారికి అడగకముందే చెప్పాలి. వీధికీ ఇంటర్నెట్‌కూ చూపించడం వల్ల మాత్రం లాభం కన్నా నష్టమే ఎక్కువ. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. కొత్త పిస్టల్ ఫొటో ఐదువందల మంది ఫేస్‌బుక్ మిత్రులకు చూపిస్తారు గానీ, శనివారం రాత్రి తమ ఇంట్లో పడుకోవడానికి వచ్చే పక్కింటి పిల్లాడి తల్లికి ఆ మాట చెప్పరు.

మొదట వీసా సంగతి

హెచ్1బి, హెచ్4, ఎల్1, ఎఫ్1, బి2 వంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏ రాష్ట్రంలోనైనా చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. ఇలాంటివే మరికొన్ని పరిమిత మినహాయింపులూ ఉన్నాయి. నేరం రుజువైతే గరిష్ఠంగా 15 ఏళ్ల జైలు. తుపాకీ నేరాలు దేశం నుంచి పంపించివేయడానికీ కారణమవుతాయి. ఇక్కడ ‘కలిగి ఉండటం’ అంటే కొనడం ఒక్కటే కాదు. షూటింగ్ రేంజికి వెళ్లి అద్దె తుపాకీ చేతిలోకి తీసుకోవడం కూడా ఆ మాట కిందికే వస్తుంది.

సెలవుల్లో సరదాగా రేంజికి వెళ్లి, కళ్లద్దాలు, చెవులకు మఫ్‌లు పెట్టుకుని, రైఫిల్ భుజానికి ఆనించి ఫొటో దిగి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే విద్యార్థులు మన పిల్లల్లో చాలామంది ఉన్నారు. తేదీ, ఊరు, ముఖం, చేతిలో ఆయుధం అన్నీ ఒకే చోట ఉన్న ఆ ఫొటో వారి మీద వారే సమకూర్చుకున్న సాక్ష్యం. వేట లైసెన్సు లేకుండా వీసా మీద ఉన్నవారు మిగతా వ్యాసం చదివి ఎంచుకోవాల్సింది ఏమీ లేదు. తుపాకీ పట్టుకోవద్దు, పట్టుకున్న ఫొటో అసలే వద్దు.

గ్రీన్‌కార్డు ఉన్నవారు, పౌరులు కూడా ఒక విషయం గమనించాలి. భారత్ నుంచి అమ్మానాన్నలు బి2 వీసా మీద వచ్చి ఆరు నెలలు మీ ఇంట్లో ఉంటారు. మీరు ఆఫీసుకు వెళ్లాక సేఫ్ తాళం వారి చేతిలో ఉంటే, ఆ తుపాకీ వారి అధీనంలో ఉన్నట్టే అని వాదించే అవకాశం చట్టంలో ఉంది. తుపాకీ ఉందని వారికి చెప్పండి. సేఫ్ కోడ్ మాత్రం చెప్పవద్దు.

దేన్ని బట్టి నిర్ణయించుకోవాలి?

హక్కులు, ధైర్యం, సంప్రదాయం అంటూ ఈ చర్చ తరచూ ఎటో వెళ్లిపోతుంది. ఇంటి యజమాని నిజంగా బేరీజు వేసుకోవాల్సినవి వేరు. మొదటిది దొంగ. తుపాకీ ఉందని తెలిస్తే అతడు భయపడతాడా, ఆశపడతాడా? రెండోది పోలీసు. మీ దగ్గర ఆయుధం ఉందని అతడికి ఎలా తెలుస్తుంది, ఆ క్షణంలో మీ రంగు, మీ యాస ఎలా కనిపిస్తాయి? మూడోది పిల్లలు, మీ వాళ్లూ మీ ఇంటికి వచ్చేవాళ్లూ. నాలుగోది మీ రాష్ట్ర చట్టం. చివరిది, చాలామందికి తట్టనిది: ఒకసారి తెలిశాక వెనక్కి తీసుకోగలమా?

ఈ చివరి ప్రశ్నకు అమెరికాలోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి. 2012 డిసెంబరులో, శాండీ హుక్ బడి కాల్పుల తర్వాత, న్యూయార్క్ రాష్ట్రంలో ‘ది జర్నల్ న్యూస్’ పత్రిక వెస్ట్‌చెస్టర్, రాక్‌ల్యాండ్ కౌంటీల్లో పిస్టల్ అనుమతి ఉన్నవారి పేర్లు, చిరునామాలతో ఇంటర్నెట్‌లో మ్యాప్ పెట్టింది. అవి చట్టప్రకారం ఎవరైనా అడిగి తీసుకోగల రికార్డులే. అయినా జనం మండిపడ్డారు. తుపాకీ ఉన్నవాళ్లు ‘మా ఇల్లు దొంగకు చూపించారు’ అన్నారు. లేనివాళ్లూ ‘మా ఇంట్లో లేదని చూపించారు’ అన్నారు. మరుసటి నెలలోనే మ్యాప్ తీసేశారు. అదే నెలలో వచ్చిన రాష్ట్ర చట్టం, తమ వివరాలు గోప్యంగా ఉంచమని కోరే వీలును అనుమతిదారులకు ఇచ్చింది. 2022 జూన్‌లో కాలిఫోర్నియా న్యాయశాఖ వెబ్‌సైటు నుంచి, ఆయుధాన్ని దాచి తీసుకెళ్లే అనుమతికి దరఖాస్తు చేసుకున్న సుమారు 1,92,000 మంది వివరాలు బయటికి పొక్కాయి. తమ పేరు, చిరునామా ఇలా బయటపడినందుకు వీళ్లంతా ఆందోళన చెందారు. అదే సమాచారాన్ని మనంతట మనం ఇంటి ముందు బోర్డు మీద రాసి పెట్టే ముందు ఒక్కసారి ఆగి ఆలోచించాలి.

మొదటి దారి: ఎవరికీ చెప్పకపోవడం

దొంగ దృష్టిలో పడకుండా ఉండటానికి ఇదే మేలు. ఇరుగుపొరుగు గుసగుసలూ ఉండవు. ఒంటరిగా ఉండేవారికి, పిల్లలు రాని ఇంటికి ఇది చక్కగా సరిపోతుంది.

భార్యాభర్తల్లో ఒకరికే తెలిసి మరొకరికి తెలియని ఇల్లు మాత్రం ప్రమాదకరమైన ఇల్లు. అల్మారాలో చీరల వెనక దాచిన తుపాకీ పిల్లల కంట పడదని అనుకోకండి. నాలుగేళ్లకే ఫ్రిజ్ మీద దాచిన చాక్లెట్ల డబ్బా కనిపెట్టే పిల్లలు వాళ్లు. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి, కాల్చడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ అందేలా వదిలేయడం నేరం. రహస్యంగా ఉంచినంత మాత్రాన భద్రంగా ఉంచినట్టు కాదు. ఇంట్లో అందరికీ తెలిసి, తాళం వేసి ఉన్న తుపాకీయే ఎవరికీ తెలియకుండా దాచినదాని కన్నా మేలు.

రెండో దారి: అవసరమైనవారికే చెప్పడం

నేను సిఫారసు చేసేది ఇదే. అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

ఎవరికి చెప్పాలి? జీవిత భాగస్వామికి. ఇంట్లో ఉండే ప్రతి పెద్ద మనిషికి. మీ పిల్లలకు, వారి వయసుకు అర్థమయ్యే మాటల్లో. మీ ఇంట్లో ఆడుకోవడానికో, రాత్రి ఉండిపోవడానికో వచ్చే పిల్లల తల్లిదండ్రులకు. పిల్లల్ని చూసుకోవడానికి వచ్చే ఆవిడకు. ఇంట్లో ఎవరైనా మానసికంగా కుంగిపోయి ఉంటే వారి బాగోగులు చూసే డాక్టరుకు. ఈ చివరి మాట మనవాళ్లు నోరు తెరిచి చెప్పరు. కానీ అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఇంట్లో ఎవరికైనా అలాంటి గడ్డుకాలం నడుస్తుంటే తుపాకీని కొంతకాలం ఇంటి నుంచి బయటికి పంపడం గురించి ఆలోచించాలి.

అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం ఏళ్లుగా తల్లిదండ్రులకు ఒక సలహా ఇస్తోంది. మీ బిడ్డను వేరే ఇంటికి పంపే ముందు ‘మీ ఇంట్లో తాళం వేయని తుపాకీ ఉందా?’ అని అడగమంటోంది. మనవాళ్లకు ఆ ప్రశ్న అడగడం మొహమాటం. ‘ఏమండీ, మమ్మల్ని అనుమానిస్తున్నారా’ అనుకుంటారేమోనని భయం. అందుకే తుపాకీ ఉన్నవారే ముందు నోరు విప్పాలి. వాట్సాప్‌లో రెండు వాక్యాలు చాలు: ‘వదినా, శనివారం బాబును పంపుతున్నారు కదా. మా ఇంట్లో తుపాకీ ఉంది, సేఫ్‌లో తాళం వేసి ఉంటుంది, తూటాలు వేరే పెట్టెలో ఉంటాయి, ముందే చెబుదామని రాశాను.’ ఆవిడ పంపకపోతే నొచ్చుకోవద్దు. నిర్ణయం ఆవిడది.

దీనికీ ఒక లోటు ఉంది. చెప్పిన మాట చెప్పినచోట ఆగదు, మన సంఘాల్లో అసలే ఆగదు. ఎక్కడ పెట్టారు, ఎన్ని ఉన్నాయి, ఏ రకం, ఈ వివరాలు ఎవరికీ అక్కర్లేదు. ఉంది, తాళం వేసి ఉంది అన్నంత వరకే చెప్పాలి.

మూడో దారి: ఇంటికి బోర్డు, కారుకు స్టిక్కర్

దీన్ని సమర్థించేవారి వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. 1980ల్లో జేమ్స్ రైట్, పీటర్ రోసీ అనే సామాజిక శాస్త్రవేత్తలు పది రాష్ట్రాల జైళ్లలో 1,800 మందికి పైగా నేరస్థులను ప్రశ్నించారు. ఎదుటి మనిషి దగ్గర తుపాకీ ఉందని తెలిసో, అనుమానించో ఒక్కసారైనా నేరం మానుకున్నామని వారిలో సుమారు 40 శాతం మంది చెప్పారు. జార్జియాలోని కెన్నెసా పట్టణం 1982లో ప్రతి ఇంటి పెద్దా తుపాకీ ఉంచుకోవాలని ఏకంగా శాసనమే చేసింది. ఊరు ఊరంతా పెట్టిన బోర్డు లాంటిది అది.

అయితే ఆ భయం మనిషి ఇంట్లో ఉన్నప్పటిది. మీరు పనికి వెళ్లాక, పిల్లలు బడికి వెళ్లాక, వాకిట్లో కారు లేని పగటిపూట ఇంట్లో ఎవరూ ఉండరు. అప్పుడు ఆ బోర్డు ‘ఇక్కడ తుపాకీ దొరుకుతుంది’ అనే చెబుతుంది. 2017 నుంచి 2021 వరకు అయిదేళ్లలో అమెరికాలో పది లక్షలకు పైగా తుపాకులు దొంగతనానికి గురైనట్టు మద్యం, పొగాకు, తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ ఏజెన్సీ ఏటీఎఫ్ లెక్క. అందులో అత్యధికం మామూలు పౌరుల దగ్గర పోయినవే. ఇంట్లో ఎంత బంగారం ఉందో మనం గేటుకు రాసి పెట్టుకోం కదా, తుపాకీ విషయంలోనూ అంతే.

మన ఇళ్లకు ఇంకో చిక్కు ఉంది. 2011–2014 మధ్య ఒక ముఠా జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సాస్‌లలో ఆసియా, దక్షిణాసియా కుటుంబాల ఇళ్లను ప్రత్యేకంగా ఏరుకుని దోచింది. ముఠా నాయకురాలికి 2019లో 37 ఏళ్ల శిక్ష పడింది. వాళ్లు ఇంట్లో మనుషులు ఉండగానే ఆయుధాలతో చొరబడ్డారు. అలా ముందే వివరాలు సేకరించి వచ్చేవారికి బోర్డు ఇచ్చేది భయం కాదు, ఎంత సిద్ధంగా రావాలో చెప్పే సమాచారం.

స్టిక్కర్ ఇంకా చెడ్డది. బయట అంటించిన తుపాకీ కంపెనీ లోగో చూసి, లోపల ఆయుధం ఉండొచ్చని మాల్ పార్కింగ్‌లోని దొంగ ఊహిస్తాడు. అద్దం పగలగొట్టడానికి క్షణం పట్టదు. తుపాకీ లోపలికి తీసుకెళ్లడానికి వీల్లేని చోటికి వెళ్తూ సీటు కింద వదిలి వెళ్లేవారిని వాడు కనిపెట్టుకుని ఉంటాడు.

దొంగను దూరంగా ఉంచడమే ఉద్దేశమైతే అలారం బోర్డు పెట్టండి. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం షార్లట్ పరిశోధకులు 422 మంది శిక్షపడిన దొంగలను అడిగితే, ఇంటికి అలారం ఉందో లేదో ముందు చూసుకుంటామని సుమారు 83 శాతం మంది, ఉంటే వేరే ఇల్లు చూసుకుంటామని సుమారు 60 శాతం మంది చెప్పారు. అలారం బోర్డు చూసి అలారం కోసం ఎవరూ ఇల్లు పగలగొట్టరు.

నాలుగో దారి: సోషల్ మీడియా

దీని గురించి ఎక్కువ చెప్పను. ఫొటో పోస్టు చేసినవారు తీసేసినా స్క్రీన్‌షాట్ మిగులుతుంది. ఉద్యోగం ఇచ్చేవారు చూస్తారు, విడాకుల కేసులో ఎదుటి లాయరు చూస్తాడు. ఆత్మరక్షణ కోసం ఎప్పుడైనా నిజంగా కాల్చాల్సి వస్తే ప్రాసిక్యూటర్ చూస్తాడు. తుపాకీ పట్టుకుని ‘రండి చూసుకుందాం’ అన్న పాత సరదా వ్యాఖ్య జ్యూరీ ముందు సరదాగా వినిపించదు. పోటీల్లో పాల్గొనే షూటర్లు, వేటగాళ్లు తమ బృందాల్లో మాట్లాడుకోవడం వేరు. వారైనా ఇల్లు, ఊరు కనిపించకుండా చూసుకోవాలి.

అయిదో దారి: వెంట తీసుకెళ్లడం, కనిపించేలానా దాచా?

టెక్సాస్‌లో 2016 జనవరి 1 నుంచి లైసెన్సు ఉన్నవారు పిస్టల్‌ను హోల్‌స్టర్‌లో (తుపాకీ పెట్టుకునే ఒరలో) కనిపించేలా పెట్టుకోవచ్చు. 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరమైన అడ్డంకులు లేనివారికి లైసెన్సు కూడా అక్కర్లేదు. ఇతర రాష్ట్రాల్లో నియమాలు వేరు, కోర్టు తీర్పులతో మారుతూనే ఉన్నాయి. ఇంటి నుంచి బయలుదేరే ముందు వెళ్లే రాష్ట్రం చట్టం చూసుకోవాలి.

లైసెన్సు అక్కర్లేదు కదా అని మనవాళ్లు పొరపడే చోటు ఒకటుంది. ఫెడరల్ చట్టం ప్రకారం బడికి 1,000 అడుగుల లోపు తుపాకీ ఉండకూడదు. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉంటే, లేదా తూటాలు తీసి తాళం వేసిన పెట్టెలో ఉంటే, లేదా ప్రైవేటు స్థలంలో ఉంటే మినహాయింపు. మనం ఇల్లు కొనేదే మంచి బడికి దగ్గరగా. వీధి మలుపు తిరిగితే ఆ హద్దులోకి వచ్చేస్తాం. కాబట్టి టెక్సాస్‌లో ఉన్నా లైసెన్సు తీసుకోండి. వారాంతపు తెలుగు తరగతులు, పండుగ సభలు తరచూ బడి భవనాల్లోనే జరుగుతాయి. అక్కడికి లైసెన్సు ఉన్నా తీసుకెళ్లకూడదు.

దుకాణాల తలుపుల మీది బోర్డులు చదవడం అలవాటు చేసుకోవాలి. టెక్సాస్‌లో 30.06 అని ఉంటే దాచిన తుపాకీ, 30.07 అని ఉంటే కనిపించే తుపాకీ లోపలికి రాకూడదని అర్థం. ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, కనీసం అంగుళం ఎత్తు అక్షరాల్లో రాసి ఉంటుంది. చాలా దుకాణాలకు 30.07 ఒక్కటే ఉంటుంది. అంటే మీ దగ్గర ఉన్నా పర్వాలేదు, మా ఖాతాదారులకు చూపించవద్దు అని.

కనిపించేలా పెట్టుకోవడం హక్కును కాపాడుకోవడమేనని నమ్మేవారు ఉన్నారు. నలుగురూ చూస్తేనే మామూలు విషయంగా మారుతుందని వారి మాట. 2015లో టెక్సాస్ చట్టం మారడంలో అలాంటివారి ఒత్తిడి ఉంది, నిజమే. కానీ చరిత్రలో ఎదురుదెబ్బలూ తక్కువేమీ కాదు. 1967 మేలో నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ కార్యకర్తలు తుపాకులతో కాలిఫోర్నియా శాసనసభలోకి నడిచి వెళ్లారు. కొద్ది నెలల్లోనే, తూటాలు నింపిన తుపాకీతో బహిరంగంగా తిరగడాన్ని నిషేధించే చట్టం మీద గవర్నర్ రీగన్ సంతకం చేశాడు. స్టార్‌బక్స్ 2013లో, టార్గెట్ 2014లో, వాల్‌మార్ట్ 2019లో కనిపించేలా తుపాకులు తేవద్దని ఖాతాదారులను కోరాయి. స్టార్‌బక్స్ అయితే అంతకు ముందు స్థానిక చట్టం ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు ఒప్పుకుంటామని ఊరుకున్న సంస్థే.

మనకు అన్నిటికన్నా ముఖ్యమైనది పోలీసు ప్రశ్న. 2016 జులై 7న డాలస్‌లో పోలీసుల మీద కాల్పులు జరిగిన రాత్రి, ఊరేగింపులో చట్టబద్ధంగా రైఫిల్ తగిలించుకుని నడిచిన ఒక నల్లజాతి వ్యక్తి ఫొటోను అనుమానితుడంటూ పోలీసులే ట్విట్టర్‌లో పెట్టారు. అతడు ముందే తుపాకీని పోలీసుకు అప్పగించాడు. ఏ తప్పూ చేయలేదని తేలి వదిలేశారు. ఆలోపు అతడి ముఖం దేశమంతా తిరిగింది. దానికి ముందురోజు మినెసోటాలో ఫిలాండో కాస్టిల్‌ను పోలీసు కారు ఆపాడు. తన దగ్గర తుపాకీ ఉందని మర్యాదగా చెప్పిన క్షణాల్లోనే అతణ్ని కాల్చి చంపాడు. అతడికి అనుమతి ఉంది. ఆ పోలీసు తర్వాత నిర్దోషిగా బయటపడ్డాడు. గోధుమ రంగు చర్మంతో, గడ్డంతో, వేరే యాసతో ఉన్న మనిషి నడుముకు తుపాకీ కనిపిస్తే ఎదుటివాడు ఏమనుకుంటాడో మన చేతిలో ఉండదు. ఇది అన్యాయం. అయినా, భార్యాబిడ్డలున్న మనిషి ఈ అన్యాయాన్ని లెక్కలోకి తీసుకోకుండా నిర్ణయం తీసుకోకూడదు.

కారు ఆపినప్పుడు చేతులు స్టీరింగ్ మీదే ఉంచండి. మిషిగన్, నార్త్ కరోలినా వంటి రాష్ట్రాల్లో ఆయుధం ఉందని అడగకముందే చెప్పడం తప్పనిసరి. టెక్సాస్‌లో గుర్తింపు కార్డు అడిగితే దాంతోపాటు తుపాకీ లైసెన్సు కూడా చూపించాలి. ‘తుపాకీ’ అన్న మాటతో మొదలుపెట్టకుండా ‘నాకు లైసెన్సు ఉంది’ అన్న మాటతో మొదలుపెట్టి, ఆయుధం ఎక్కడ ఉందో చెప్పి, చేయి కదపకుండా ‘ఏం చేయమంటారు’ అని అడగాలి.

| దారి | దొంగ | పోలీసు | పిల్లల భద్రత | వెనక్కి తీసుకోగలమా? |
|---|---|---|---|---|
| ఎవరికీ చెప్పకపోవడం | గురి కాదు | ఇబ్బంది లేదు | ఇంట్లోవారికీ తెలియకపోతే ప్రమాదం | ఎప్పుడైనా చెప్పవచ్చు |
| అవసరమైనవారికే చెప్పడం | మాట పొక్కితే కొంత | ఇబ్బంది లేదు | అన్నిటికన్నా మేలు | కొంతవరకు |
| బోర్డు, స్టిక్కర్ | ఇల్లు ఖాళీగా ఉంటే ఆహ్వానం | కారు ఆపితే ముందే అప్రమత్తం | ప్రయోజనం లేదు | తీసేయవచ్చు, చూసినవారు మరచిపోరు |
| సోషల్ మీడియా | ఊరు తెలిస్తే ప్రమాదం | సాక్ష్యంగా మారవచ్చు | ప్రయోజనం లేదు | లేదు |
| దాచి వెంట తీసుకెళ్లడం | తెలియదు | లైసెన్సు, మాటతీరు ముఖ్యం | ఒంటి మీదే ఉండాలి | అవును |
| కనిపించేలా వెంట తీసుకెళ్లడం | కొందరు వెనక్కి తగ్గవచ్చు, కొందరు లాక్కోవచ్చు | ప్రమాదం ఎక్కువ | పిల్లలతో ఉన్నప్పుడు వద్దు | చూసినవారిని బట్టి |

మీది ఎలాంటి ఇల్లు?

చిన్నపిల్లలున్న ఇంటికి రెండో దారి తప్ప వేరేది లేదు.

గ్యాస్ స్టేషన్, మోటెల్, చిన్న దుకాణం నడిపేవారి పరిస్థితి వేరు. రాత్రి పదకొండుకు కౌంటర్ వెనక ఒంటరిగా నిలబడే మనిషికి నడుముకు తుపాకీ కనిపిస్తే ధైర్యం అన్న మాటను నేను కొట్టిపారేయను. చిల్లర దొంగ వెనక్కి తగ్గవచ్చు. కానీ ఆయుధంతో వచ్చినవాడు మొదట ఎవరి మీద గురి పెడతాడో కూడా ఆలోచించాలి. కెమెరా, గల్లాపెట్టెలో డబ్బు తక్కువ ఉంచుతామన్న బోర్డు, వెలుతురు, ఇవి కనిపించాలి. తుపాకీ ఉంటే చొక్కా కిందే ఉండాలి. జీతానికి పనిచేసే కుర్రాడు వీసా మీద ఉంటే, కౌంటర్ కింద తుపాకీ వదిలి వెళ్లడం అతణ్ని నేరంలోకి నెట్టడమే.

ఒంటరిగా ఉండే స్త్రీ, తనను వేధిస్తున్నవాడు ఎవరో తెలిసిన స్త్రీ, ఎవరికీ చూపించకపోవడమే మంచిది. తుపాకీ ఉందని తెలిసినవాడు దాని చుట్టూ పథకం వేసుకుంటాడు. నమ్మకమైన స్నేహితురాలు ఒకరికి, లాయరుకు తెలిస్తే చాలు.

తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు ఉన్న బంధువులకు ఈ పోలికలేవీ వర్తించవు. భారత్‌లో తుపాకీ రాజ్యాంగ హక్కు కాదు, అధికారులు ఇచ్చే అనుమతి, వారు రద్దు చేయగలరు. ఆయుధ నియమాలు 2016 బహిరంగ స్థలాల్లో ఆయుధాన్ని ఝళిపించడాన్ని నిషేధించాయి. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత పెళ్లిలోనో ఊరేగింపులోనో సంబరంగా గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పంజాబ్ ప్రభుత్వం 2022 నవంబరులో సోషల్ మీడియాలో సహా ఆయుధాల ప్రదర్శనను నిషేధించింది. ఊరికి వెళ్లినప్పుడు మామయ్యగారి రివాల్వర్ పట్టుకుని ఫొటో దిగాలన్న ముచ్చట మానుకోండి. లైసెన్సు లేని చేతికి ఇచ్చినందుకు ఆయనకే చిక్కు వస్తుంది.

ఇప్పటికే చూపించేసినవారు

స్టిక్కర్ ఈరోజే గీకేయండి. ఇల్లు, వీధి, కారు నంబరు కనిపించే పాత ఫొటోలు ముందు తీసేయండి, మిగతావి తర్వాత. సేఫ్ లేకపోతే కొనండి, ఉంటే గోడకో నేలకో బోల్టులతో బిగించండి. తేలికపాటి సేఫ్‌ను దొంగ పెట్టెతో సహా ఎత్తుకుపోతాడు. ప్రతి తుపాకీ సీరియల్ నంబరు రాసి తుపాకీ ఉన్న చోట కాకుండా వేరే చోట పెట్టుకోండి. దొంగతనం జరిగితే పోలీసులు ఆ నంబరుతోనే జాతీయ జాబితాలో వెతుకుతారు. నంబరు లేకపోతే అది మీదేనని చెప్పడానికి మీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు.